రెండేళ్లు ఉగాండాలో వాలంటీరుగా: ఫీజు అడుగుతున్నారు, ఇంటి లోను ఉంది, వెళ్లొచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 31, బెంగళూరు మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఎనిమిదేళ్ల అనుభవం, సొంతూరు అనంతపురం దగ్గర. ఉగాండాలో ఒక పల్లెటూరి బడిలో రెండేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి ఒక ఏజెన్సీ పిలుస్తోంది. ‘ప్లేస్‌మెంట్ ఫీజు’ పేరుతో లక్షా ఎనభై వేలు కట్టమంటోంది, రెండు నెలల్లో బయల్దేరమంటోంది. ఇంటి లోను నడుస్తోంది, ఆ ఇల్లు అద్దెకిస్తే వచ్చేది ఈఎంఐకి సరిపోదు, అమ్మగారికి షుగరు. వెళ్లొచ్చా, వెళ్తే ఏమేం చూసుకోవాలి?

వెళ్లొచ్చు. ఆ ఫీజు కట్టి మాత్రం వద్దు, రెండు నెలల్లో అసలే వద్దు. ఎనిమిది నుంచి పది నెలల ముందస్తు పని ఉంది దీనికి. ఉగాండాలో బతకడం గురించి మీరు పడుతున్న భయంలో సగం అక్కర్లేదు. కరెంటు పోతుంది, నీళ్లు కాచుకోవాలి, ఓ నెలకు అలవాటైపోతుంది. మధ్యలో తిరిగొచ్చేసే వాళ్లలో ఎక్కువమందిని దెబ్బతీసేది ఇండియా వైపు వ్యవహారమే. ఓటీపీ రాదు, ఈఎంఐ బౌన్సవుతుంది, ఇంట్లో ఎవరికో బాగుండదు, టికెట్టుకు చేతిలో డబ్బుండదు. ఆ తర్వాతి కారణం, ఇక్కడ చెప్పిన పని ఒకటి, అక్కడున్న పని ఇంకొకటి. ఈ రెండూ విమానం ఎక్కకముందే సర్దుకోదగ్గవి కాబట్టి వాటి మీదే ఎక్కువ రాస్తున్నాను.

ఫీజు సంగతి. దీర్ఘకాలం, అంటే ఏడాదికి పైగా, నైపుణ్యం ఉన్న మనిషిని పిలిపించుకునే సంస్థ ఆ మనిషి దగ్గర డబ్బు తీసుకోదు. తనే టికెట్టు, ఉండే చోటు, నెలవారీ భత్యం, బీమా ఇస్తుంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం యూఎన్‌వీ దీనికి మంచి కొలబద్ద. 1970లో సర్వసభ్య సభ తీర్మానంతో పుట్టింది, కేంద్రం జర్మనీలోని బాన్‌లో. దరఖాస్తుకు గానీ ఎంపికకు గానీ పైసా తీసుకోరు. అంతర్జాతీయ స్పెషలిస్టు విభాగానికి 27 ఏళ్లు నిండాలి, కనీసం మూడేళ్ల అనుభవం కావాలి, రెండూ మీకున్నాయి. వాళ్ల సొంత పోర్టల్‌లో ప్రొఫైల్ పెట్టి ఒక్కో ఖాళీకి విడిగా దరఖాస్తు చేయాలి. ప్రొఫైల్ పెట్టేసి పిలుస్తారని కూర్చుంటే ఎవరూ పిలవరు.

డబ్బు కట్టి వెళ్లే కార్యక్రమాలన్నీ మోసమని అనను. రెండు మూడు వారాల పర్యటనలు చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తాయి. రెండేళ్లు పని చేయించుకుంటూ ఫీజు అడిగితే మాత్రం అక్కడ సరుకు మీరే. ఆ ‘బడి’ అనాథాశ్రమానికి అనుబంధంగా ఉంటే ఇంకా దూరంగా ఉండండి. విదేశీయుల డబ్బు కోసం, అమ్మానాన్నలు బతికున్న పిల్లల్ని కూడా తెచ్చి పెట్టే ఆశ్రమాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. ఒక తేలిక పరీక్ష చెప్తాను. పిల్లలతో పనిచేయించే సంస్థ మిమ్మల్ని పోలీస్ క్లియరెన్స్ అడగలేదంటే, మీకు ముందు వచ్చినవాళ్లను కూడా అడగలేదనే అర్థం.

ఇంకోమాట, నెట్‌లో కనబడే పెద్ద పేర్లన్నీ మనకు తెరిచి ఉండవు. పీస్ కోర్ అమెరికా పౌరులకే. యూరోపియన్ సాలిడారిటీ కోర్ యూరప్, దాని ఇరుగుపొరుగు దేశాల యువత కోసం. వాటి మీద నెలలు పోగొట్టుకోకండి.

ఏ సంస్థ అయినా సరే, ఈ ఐదూ ఈమెయిల్‌లో రాతపూర్వకంగా రాబట్టండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

మొదటిది, రోజూ చేసే పని ఏమిటి, ఎవరికి జవాబుదారీ. ఇదే పని ఇదివరకు ఎవరు చేశారు, వాళ్లతో ఒకసారి వీడియోలో మాట్లాడించగలరా? ఇక్కడ నీళ్లు నమిలారంటే తక్కినవి అడగక్కర్లేదు. రెండోది, అక్కడ ఉండి పనిచేయడానికి పర్మిట్ ఏది, ఎవరి ఖర్చు. టూరిస్టు వీసా మీద వచ్చేయండి, ఇక్కడికొచ్చాక మార్చుకుందాం అంటే ఒప్పుకోవద్దు. టూరిస్టు వీసా మీద జీతం లేని పని చేసినా ఉగాండాలో అది చట్టవిరుద్ధమే, పట్టుబడితే జరిమానా కట్టేదీ దేశం విడిచేదీ మీరే. మూడోది, బీమాలో అత్యవసరంగా వేరే ఊరికో దేశానికో తరలించే ఖర్చు ఉందా. పల్లె నుంచి రాజధాని కంపాలాకు, అవసరమైతే నైరోబీకి తీసుకెళ్లాల్సి రావచ్చు. నాలుగోది, భత్యం ఏ కరెన్సీలో, ఏ తారీఖున, ఇంటి అద్దె దాన్లోనేనా, విడిగానా. ఐదోది, ఇంట్లో చావు గానీ ప్రాణాపాయం గానీ వస్తే సెలవెంత, టికెట్టెవరిది.

ఆ ఐదోది అడగడానికి మొహమాటపడతారు. అడగండి, ఇంట్లో కూడా మాట్లాడండి. ఎంటెబె విమానాశ్రయం నుంచి అడిస్ అబాబా మీదుగా బెంగళూరు, అక్కడి నుంచి అనంతపురానికి నాలుగు గంటల రోడ్డు, దానికి ముందు అక్కడ మీరుండే పల్లె నుంచి ఎంటెబెకు ప్రయాణం. కబురు అందిన క్షణం బయల్దేరినా ఒకటిన్నర రోజు, టికెట్టు దొరక్కపోతే రెండున్నర. మన ఊళ్లలో అంతసేపు ఆపరు. మీరు ఒక్కగానొక్క కొడుకైతే తలకొరివి ఎవరు పెట్టాలి, మీరు పదకొండో రోజుకైనా చేరితే చాలా అన్నది పెద్దవాళ్లతో ముందే అనుకోవాలి. కటువుగా ఉంటుంది గానీ, అనుకోకుండా వెళ్లి ఆ రాత్రి ఫోన్లో తేల్చుకోవడం దీనికంటే కటువు.

కాగితాల వరుస. ఇక్కడ క్రమం ముఖ్యం, తారుమారైతే మళ్లీ మొదటికొస్తుంది. ముందు పాస్‌పోర్టు, తర్వాత ఎల్లో ఫీవర్ టీకా, తర్వాత పోలీస్ క్లియరెన్స్, చివర పర్మిట్.

పాస్‌పోర్టులో కనీసం మూడేళ్ల గడువు ఉండాలి. లేకపోతే ఇప్పుడే రీఇష్యూ చేయించుకోండి, 60 పేజీలది అడగండి. అడ్రసు దగ్గరే బెంగళూరులో ఉన్న మనవాళ్లు ఇరుక్కుంటారు. పాస్‌పోర్టులో అనంతపురం, ఉండేది మారతహళ్లి. పోలీసు విచారణ మీరు ప్రస్తుతం ఉంటున్న చోట జరుగుతుంది కాబట్టి ఇక్కడి అడ్రసు రుజువు కావాలి. ఓనరుతో రాసుకున్న 11 నెలల స్టాంపు పేపరు అగ్రిమెంటు చాలదు, రిజిస్టర్ చేసినదే చెల్లుతుంది. పీజీలో ఉంటే అదీ ఉండదు. ఆధార్‌లో ఇప్పుడుంటున్న అడ్రసు మార్పించుకుని రెండు మూడు వారాలాగి దరఖాస్తు చేయడం అన్నిటికంటే తేలిక దారి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారానే వస్తుంది, ఫీజు 500 రూపాయలు. అది ఏ దేశానికో పేరు రాసి ఇస్తారు, సాధారణంగా ఆరు నెలల లోపుదే ఒప్పుకుంటారు. అందుకే మరీ ముందుగా తీసి పెట్టుకోవద్దు.

ఉగాండాకు ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ లేకుండా వెళ్లలేరు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లుబాటు. వీధి చివరి ఆసుపత్రిలో వేయించుకుంటే లెక్కలోకి రాదు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి, అక్కడ పసుపు పచ్చ పుస్తకం ఇస్తారు. కొన్ని కేంద్రాల్లో వారంలో ఒకటి రెండు రోజులే వేస్తారు. నిల్వ అయిపోయే రోజులూ ఉంటాయి. బెంగళూరులో తారీఖు దొరక్కపోతే చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా వేస్తారు, రాత్రి బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఆ పుస్తకంలో పాస్‌పోర్టు నంబరు రాస్తారు. పాస్‌పోర్టు ముందు అన్నది అందుకే. టీకా తర్వాత పాస్‌పోర్టు మారిస్తే నంబర్లు కలవవు, పాతదీ కొత్తదీ రెండూ మోసుకు తిరగాలి. గుడ్డు అలర్జీ ఉంటే, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పండి. ఆ పుస్తకం పారేసుకోవద్దు. అది లేకుండా ఉగాండా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు.

మిగతా టీకాల్లో ఎక్కువ సమయం తీసుకునేది హెపటైటిస్ బి. 0, 1, 6 నెలలకు మూడు డోసులు, అంటే ప్రయాణానికి ఏడు నెలల ముందు మొదలుపెడితేనే పూర్తవుతుంది. రెండు నెలల్లో రమ్మంటే కుదరదనడానికి ఇదొక్కటి చాలు. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, పదేళ్లు దాటి ఉంటే టెటనస్ బూస్టర్, పల్లెలో ఉంటారు కాబట్టి రేబిస్ ముందస్తు డోసులు కూడా.

డిగ్రీకి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, అడిగితే, డిగ్రీ ఇచ్చిన రాష్ట్రంలో ముందు ధ్రువీకరణ జరగాలి. అనంతపురం డిగ్రీకి కర్ణాటకలో చేయరు. ఆ దేశం అపోస్టిల్ ఒప్పందంలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కావాలి. ఏజెంటుకు ఇచ్చేటప్పుడు ఒరిజినల్స్ స్కాన్ చేసి పెట్టుకోండి.

ఇక్కడి లెక్కలు. మీ ప్రశ్నలో లోను తప్ప ఇవేవీ లేవు, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది.

*ఫోను నంబరు.* బ్యాంకు, ఆధార్, పీఎఫ్, ఆదాయపు పన్ను, లోను, అన్నీ ఒక్క సిమ్ముకు వేలాడుతున్నాయి. 90 రోజులు వాడకం లేకపోతే ప్రీపెయిడ్ నంబరు రద్దయి ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత మీ బ్యాంకు ఓటీపీ ఎవరో ముక్కూముఖం తెలియని మనిషికి వెళ్తుంది. కాబట్టి బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి, అక్కడికి వెళ్లాక చేయడం తలనొప్పి. తక్కువలో తక్కువ ప్లాన్‌కు మారి, రీఛార్జి బాధ్యత తమ్ముడికో చెల్లెలికో అప్పజెప్పండి, వాళ్ల ఫోన్లో తారీఖుకు అలారం పెట్టించండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌లకు మామూలుగా డబ్బు పట్టదు.

ఇంకో మెలిక ఉంది. బ్యాంకు యాప్‌లు కొత్త ఫోన్లో పెట్టేటప్పుడు మీ సిమ్ము నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపమంటాయి. రోమింగ్‌లో అది చాలాసార్లు వెళ్లదు. ఫోను పోయినా పగిలినా ఆరోజుతో బ్యాంకు మూసుకున్నట్టే. అందుకే రెండు ఫోన్లలో వీలైనన్ని యాప్‌లు బెంగళూరులోనే సిద్ధం చేసుకోండి. ఒకదాన్ని ఛార్జి చేసి పెట్టెలో పడేయండి. డెబిట్ కార్డులో విదేశీ వాడకం మీట మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అది కూడా ఇక్కడే ఆన్ చేసి పరిమితి పెట్టుకోండి. కార్డులు రెండు వేర్వేరు బ్యాంకులవి ఉండాలి.

*బ్యాంకు ఖాతా.* రెండేళ్లు బయట ఉండే ఉద్దేశంతో వెళ్తే విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమా ప్రకారం మీరు నాన్ రెసిడెంట్ కిందికి వస్తారు, మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే నాన్ రెసిడెంట్ల ఖాతాగా, మార్పించుకోవాలి. ‘నేను సంపాదించట్లేదు కదా, సేవకు వెళ్తున్నా కదా’ అంటారు చాలామంది. లెక్క సంపాదనతో కాదు, ఎంతకాలానికి, ఏ ఉద్దేశంతో వెళ్తున్నారన్న దానితో. ఎన్‌ఆర్‌ఓలో వడ్డీ మీద 30 శాతం ఆపైన టీడీఎస్ కోస్తారు, రిటర్ను వేసి వెనక్కి తీసుకోవాలి. ఖాతా మారినప్పుడు ఈఎంఐ ఆటో డెబిట్ ఆగిపోయే ప్రమాదం ఉంది. మార్పు అయ్యాక ఒక ఈఎంఐ పడడం కళ్లతో చూసి మరీ బయల్దేరండి. దీనికోసమే మార్పును ఆఖరి వారానికి పెట్టుకోవద్దంటాను. పీపీఎఫ్ ఉంటే గడువు తీరేదాకా కొనసాగించొచ్చు, కొత్తది తెరవలేరు, పొడిగించలేరు. ఆదాయపు పన్నులో రెసిడెంటా కాదా అన్నది వేరే లెక్క, దేశంలో ఎన్ని రోజులున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. బయల్దేరే సంవత్సరం, తిరిగొచ్చే సంవత్సరం రెండూ చిక్కుగా ఉంటాయి. ఒక సీఏ దగ్గర గంట కూర్చోవడం దండగేం కాదు.

*లోను.* అద్దెకిస్తే వచ్చే డబ్బు ఈఎంఐకి సరిపోదని రాశారు. ఆ తేడాను 24తో గుణించి విడిగా డిపాజిట్ వేయలేకపోతే ఇప్పుడు వెళ్లకండి. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా చెప్పను. దాని పైన తిరిగొచ్చాక ఆరు నెలలు ఉద్యోగం లేకుండా బతికే డబ్బు, ఒక తిరుగు టికెట్టు డబ్బు ఉండాలి. వాలంటీరు భత్యం అక్కడ తినడానికి, ఉండడానికి సరిపోయేలా లెక్కకట్టి ఇస్తారు, ఇక్కడికి పంపడానికి మిగలదు.

*ముక్త్యారునామా.* ఇంటికి సంబంధించిన పనులకు నాన్నగారి పేరిట స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వండి. ఏయే పనులో విడివిడిగా రాయించండి: అద్దె ఒప్పందం, ఆస్తి పన్ను, అపార్టుమెంటు సంఘం, బ్యాంకు కాగితాలు. అమ్మే హక్కు అందులో పెట్టకండి. మర్చిపోయి వెళ్తే కంపాలాలోని భారత హైకమిషన్‌లో చేయించవచ్చు, కానీ ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి.

*ఆరోగ్య బీమా.* కంపెనీ ఇచ్చిన బీమా చివరి పని రోజుతో ఆగిపోతుంది. అమ్మగారు కూడా దాని కిందే ఉన్నారా? అయితే రాజీనామా ఇచ్చేముందే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మార్చమని రాతపూర్వకంగా అడగండి. అలా మారితే ఇదివరకు గడిచిన కాలం కలుస్తుంది. వదిలేసి తర్వాత కొత్తగా తీసుకుంటే షుగరు లాంటి పాత జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. మీకు కూడా ఇక్కడ చిన్న పాలసీ ఒకటి ఆపకుండా కట్టుకుంటూ పోండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చాలావాటికి 180 రోజుల హద్దు ఉంటుంది, రెండేళ్లకు పనికిరాదు.

కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్, ఫారం 16, పీఎఫ్ నంబరు యూఏఎన్ వివరాలు సొంత మెయిల్‌కు తెచ్చుకోండి. పీఎఫ్ ముట్టుకోకండి, కదిలించకపోయినా వడ్డీ పడుతూనే ఉంటుంది. జీతం లేని సెలవు ఇస్తారేమో ముందు అడిగి చూడండి, ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. గది అడ్వాన్సు వెనక్కి రావడానికి బెంగళూరులో ఎంత టైము పడుతుందో, పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారో మీకే బాగా తెలుసు, రెండు నెలల ముందు చెప్పండి. గ్యాస్ సిలిండరు సరెండర్ చేసి వోచరు దాచుకుంటే తిరిగొచ్చాక పనికొస్తుంది.

అక్కడ పని. ఉగాండాలో బడి సంవత్సరం ఫిబ్రవరిలో మొదలై డిసెంబరు మొదట్లో ముగుస్తుంది, మూడు టర్ములు. జనవరి రెండో వారానికల్లా చేరేలా చూసుకోండి. టర్ము మధ్యలో దిగితే ఎవరికీ మీతో మాట్లాడే తీరికుండదు. పై తరగతుల్లో బోధన ఇంగ్లీషులోనే. 1997 నుంచి ప్రాథమిక విద్య ఉచితం కావడంతో తరగతిలో 80 మంది ఉండడం వింతేం కాదు, హైస్కూల్లోనూ కిక్కిరిసే ఉంటాయి.

కంప్యూటర్ గది అంటే మీ ఆఫీసును ఊహించుకోకండి. ఎవరో దానమిచ్చిన పాత డెస్క్‌టాప్‌లు పన్నెండో పదిహేనో, అందులో నడిచేవి ఆరో ఏడో. వోల్టేజి ఊగిసలాటకు ముందుగా పోయేది పవర్ సప్లై. తర్వాత బోర్డు మీది సీమాస్ బ్యాటరీ. అది అయిపోతే ప్రతిసారీ తారీఖు ఎప్పుడో వెనక్కి వెళ్లిపోతుంది, పిల్లలు యంత్రం చెడిపోయిందనుకుంటారు. సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీలు 20 పట్టుకెళ్లండి, చేతిసంచిలోనే పెట్టుకోవాలి, చెక్ఇన్ పెట్టెలో వద్దు. 256 జీబీ ఎస్ఎస్‌డీలు మూడు, 16 జీబీ పెన్‌డ్రైవ్‌లు ఐదు, థర్మల్ పేస్టు, క్రింపింగ్ టూలు, నెట్‌వర్క్ తీగలకు ఆర్‌జే45 కొసలు ఓ యాభై, మంచి స్క్రూడ్రైవరు సెట్టు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక పూటలో అన్నీ దొరుకుతాయి. ప్లగ్గులు అక్కడ బ్రిటిష్ పద్ధతివి, చదరపు మూడు కాళ్లవి. వోల్టేజి మనదే కాబట్టి అడాప్టరు ఉంటే చాలు.

ఇంటర్నెట్ మీద ఆధారపడే పాఠం ఒక్కటి కూడా వేసుకోకండి. కోలిబ్రీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వీడియో పాఠాలు, లెక్కల అభ్యాసాలు ఒక లాప్‌టాప్‌లో పెట్టి గదిలోని మిగతా వాటికి వైఫై ద్వారా పంచుతుంది, నెట్ అక్కర్లేదు. నెట్ లేకుండా వెబ్‌సైట్లు చదివించే కివిక్స్ వాడితే ఇంగ్లీషు వికీపీడియా మొత్తం బొమ్మలతో సహా సుమారు 100 జీబీలో వచ్చేస్తుంది. ఇవన్నీ బెంగళూరు ఫైబర్ మీద ఉండగానే దించుకుని, నెట్ ఆపేసి నడిపి చూడండి. అక్కడ మొబైల్ డేటాతో 100 జీబీ దించాలనుకుంటే మీ నెల భత్యం హరీ.

యంత్రాలన్నిట్లో విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ వేసేద్దామన్న ఉత్సాహం అందరికీ వస్తుంది. మొదటి నెల ఆగండి. జాతీయ పరీక్షల బోర్డు ప్రాక్టికల్స్‌కు పిల్లలు ఏ వర్డ్ ప్రాసెసర్, ఏ స్ప్రెడ్‌షీట్ మీద సిద్ధమవుతున్నారో అక్కడి మాస్టారిని అడిగి, దాన్ని నడిచే యంత్రాల్లో అలాగే ఉంచండి. మిగిలిన ముసలి యంత్రాలకు, 2 జీబీ ర్యామ్ వాటికి, తేలికపాటి లినక్స్ పెట్టుకోవచ్చు. మొదటి రెండు వారాలు పాఠం చెప్పకుండా ఒక నోటు పుస్తకంలో ప్రతి యంత్రానికీ ఒక పేజీ రాయండి: ర్యామ్ ఎంత, డిస్కు ఎంత, ఏం పనిచేయదు, ఏ తారీఖున ఏం మార్చారు. ఆ పుస్తకం అక్కడి మాస్టారి చేతిలోనే ఉండాలి. రిపేరు మీరు చేయొద్దు, ఆయన చేస్తుంటే మీరు పక్కన నిలబడండి. ఆలస్యమవుతుంది, చేతులు దురద పెడతాయి, అయినా సరే. ఆయన నేర్చుకోని గది మీరు వచ్చేసిన టర్ములోనే మూతబడుతుంది.

మిమ్మల్ని చూడగానే దుకాణం ఎక్కడ అని అడుగుతారు, నొచ్చుకోకండి. తరాలుగా అక్కడ మనవాళ్లంటే వ్యాపారస్తులే. 1972లో ఇదీ అమీన్ ఆసియా వాళ్లందర్నీ 90 రోజుల గడువిచ్చి వెళ్లగొట్టాడు, 1986 తర్వాత కొన్ని కుటుంబాలు తిరిగొచ్చాయి. ఆ పాత లెక్కలు ఇప్పటికీ మాటల్లో తగులుతుంటాయి. బేరసారాల్లో, బడి డబ్బు వ్యవహారాల్లో వేలు పెట్టకపోతే సగం అపార్థాలు రావు.

ఒంటి సంగతి. మలేరియాను తేలిగ్గా తీసుకోకండి, అక్కడిది ఎక్కువగా ఫాల్సిపారం రకం. రెండు రోజులు చూద్దాం అనుకునే జ్వరం కాదు. జ్వరం వచ్చిన రోజే పరీక్ష. నివారణ మాత్రల్లో డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజూ వేసుకోవాలి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు ఆపకూడదు. కడుపులో మంట, ఎండకు చర్మం కందడం దాంతో మామూలే. రెండేళ్లపాటు ఏది వాడాలో, వాడాలో వద్దో డాక్టరుతో తేల్చుకోండి. మందు పూసిన దోమతెర మాత్రం ప్రతి రాత్రీ. విక్టోరియా సరస్సులో ఈత కొట్టకండి. నీళ్లలోని పురుగు చర్మం గుండా లోపలికి పోయి బిల్హార్జియా వస్తుంది.

తిండికి ఇబ్బంది పడరు. పోషో అని తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు, సీమ మనిషికి అది సంగటికి చుట్టమే. బీన్స్ కూర పక్కన పెట్టుకుంటే గడిచిపోతుంది. కంపాలా భారతీయ దుకాణాల్లో కందిపప్పు, ఇంగువ, ఆవాలు దొరుకుతాయి. మూడు లీటర్ల కుక్కరు, కారప్పొడి, చింతపండు తీసుకెళ్లండి. ఆవకాయ అయితే నూనె కారకుండా రెండు కవర్లలో కట్టి చెక్ఇన్ పెట్టెలోనే.

డాలర్లు కొత్త నోట్లే అడిగి తీసుకోండి. పాతవి, చిరుగు మడత ఉన్నవి అక్కడ తీసుకోరు, చిన్న నోట్లకు రేటు తక్కువిస్తారు. చేరిన వారంలోనే కంపాలాలోని భారత హైకమిషన్‌లో పేరు నమోదు చేసుకోండి.

అమ్మగారితో మాటలకు ఒక వేళ పెట్టుకోండి. మనకంటే వాళ్లు రెండున్నర గంటలు వెనక, అక్కడ సాయంత్రం ఆరైతే ఇక్కడ ఎనిమిదిన్నర. రోజూ మాట్లాడతానని మాటివ్వకండి. ఒక్కరోజు నెట్‌వర్క్ పోతే ఊరంతా కంగారు పడుతుంది. వారానికి మూడు రోజులని చెప్పి నిలబెట్టుకోండి. మూడో నెల నుంచి ఐదో నెల దాకా ఎందుకొచ్చానురా అనిపిస్తుంది, ఎక్కువమందికి అప్పుడే. ఆ రోజుల్లో తిరుగు టికెట్టు కొనే నిర్ణయం తీసుకోకండి, టర్ము సెలవుల దాకా ఆగి చూడండి. పెళ్లి సంబంధాల మాట ఎలాగూ వస్తుంది. రెండేళ్లు వద్దని ముందే చెప్పి వెళ్తే వీడియో కాల్ పెళ్లిచూపులు తప్పుతాయి.

తిరిగొచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా బెంగళూరు డాక్టరుకు ‘ఉగాండాలో ఉండొచ్చాను’ అన్నది మొదటి వాక్యం కావాలి. లేకపోతే డెంగీ పరీక్ష రాసి పంపేస్తారు.

ఆ ఏజెన్సీ పంపిన ఒప్పందంలో సెలవులు, బీమా, మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం, ఈ మూడు పేరాలు పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఈలోపు డబ్బు మాత్రం పంపకండి, ‘సీటు బ్లాక్ చేయడానికి’ ఐదు వేలే అన్నా సరే.